చక్రముల వాలు



రేసు ట్రాకు అనగానే మనస్సునకు తోచునవి పందెములకై ప్రత్యేకముగా నిర్మింపబడిన కార్లును, వానిని నడపు ఆరితేరిన చోదకులును. కాని కొన్ని దశాబ్దములుగా అనేక దేశములలో మఱియొక ఆచారము నెలకొని యున్నది. పోటీలు లేని దినములలో ట్రాకు యాజమాన్యము వారు కొంత రుసుము గైకొని, మనము ప్రతిదినము ఆఫీసుకు పోవుటకు వాడుకొను కారునే అచ్చటికి తెచ్చుకొని, శిక్షకుల పర్యవేక్షణలో, ఎదురువచ్చు వాహనముల భయము లేకుండ, దాని సామర్థ్యమును చివరి అవధి వఱకు ఎఱుగుటకు సామాన్యునకు గూడ అవకాశ మిచ్చుచున్నారు. దీనికి ట్రాక్ డే అని వ్యవహారము. ఇందు బహుమానములు లేవు. ప్రథమ ద్వితీయ స్థానములు లేవు. తన కారును, తన చేతిని, తన నిదానమును తాను పరీక్షించుకొనుట మాత్రమే కలదు.

అట్టి దినమునకై, ఫ్యాక్టరీనుండి వచ్చిన రూపముననే యున్న స్పోర్ట్స్ కారు చక్రములను ఏ కోణములలో నిలుపవలెనను విషయమును గూర్చి నేడు ముచ్చటింప దలచినాను. మన ఊళ్లలో వీల్ అలైన్‌మెంటు అనిన, చక్రము గోతిలో పడి బండి ఒక ప్రక్కకు లాగునపుడు చేయించుకొను మరమ్మతుగా మాత్రమే పలువు రెఱుగుదురు. ట్రాకునకు పోవు వానికి అది మరమ్మతు కాదు. కారు స్వభావమునే మార్చగల సాధనము. అందును మిక్కిలి చౌకయైన సాధనము.

కారును భూమితో కలుపునవి నాలుగు టైర్లు మాత్రమే. ఆ టైర్లలోను నేలను తాకు భాగ మెంత యని లెక్కించి చూచినవారికి ఆశ్చర్యము కలుగక మానదు. 960 కిలోల బరువుగల చిన్న కారు టైర్లలో 26 పాయింట్ల గాలి యున్నదనుకొందము. ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 1.83 కిలోలు. బరువును ఒత్తిడిచే భాగింపగా, నాలుగు టైర్లును కలిసి నేలను తాకు వైశాల్యము సుమారు 525 చదరపు సెంటీమీటర్లు. అనగా ఒక్కొక్క టైరునకు 130 మాత్రమే. టైరు గోడల బిగువు చేత ఈ లెక్క కొంత అటునిటు కావచ్చును గాని, బ్రేకు పట్టినను, మలుపు తిరిగినను, వేగము పెంచినను, సర్వకార్యములును ఆ కొద్దిపాటి రబ్బరు మీదుగనే జరుగవలెనను సత్యము మాఱదు. మలుపులో ఆ రబ్బరునందు సగము నేలను వీడి, మిగిలిన సగమే బరువునంతయు మోయవలసి వచ్చినచో, ఇంజను ఎంత బలమైనదైనను ఏమి ప్రయోజనము? అయినను, ట్రాకునకు పోదలచిన యువకులు మొట్టమొదట ధనము వెచ్చించునది బిగ్గరగా మ్రోగు సైలెన్సరుపైనను, గట్టి స్ప్రింగులపైనను, వెడల్పాటి చక్రములపైనను. ఆ సొమ్ములో చిన్న భాగముతో, ఒక పూట శ్రమతో, ఉన్న టైరునంతయు నేలకు హత్తుకొనునట్లు చేసికొనుట మేలని నా దృఢమైన అభిప్రాయము.

విషయము గాలిలో తేలిపోకుండుటకై ఒక నిజమైన కారును తీసికొందము. 1989వ సంవత్సరము ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనమున జపాను దేశపు మాజ్దా వారు ఎం.ఎక్స్-5 అను రెండు సీట్ల కారును లోకమునకు చూపిరి. అమెరికాలో దానికి మియాటా అని పేరు. తోషిహికో హిరాయ్ అను ఇంజనీరు ఆధ్వర్యమున రూపొందిన ఆ కారునకు 1.6 లీటర్ల చిన్న ఇంజను, ముందు ఇంజను వెనుక చక్రములకు చలనము, సుమారు 960 కిలోల బరువు. గుఱ్ఱమును రౌతును ఒక్కటియై మెలగవలెనను జపాను వారి ప్రాచీన భావనను ఆదర్శముగా గొని దానిని నిర్మించితిమని వారు చెప్పికొనిరి. 2016లో పదిలక్షవ కారు ఫ్యాక్టరీనుండి వెలువడినది. అమెరికాలోను, ఐరోపాలోను, జపానులోను ట్రాక్ డేలకు వచ్చు కార్లలో దీనికున్న ప్రాచుర్యము మఱి దేనికో గాని లేదు. నేను దీనిని ఎన్నుకొనుటకు కారణము ప్రాచుర్యము కాదు. నాలుగు చక్రములకును రెండేసి అడ్డచేతులతో గూడిన డబుల్ విష్‌బోన్ అమరికయు, ఆ చేతుల మూలములలో కేంద్రము తప్పిన బిళ్లగల కేమ్ బోల్టులును ఫ్యాక్టరీవారే సమకూర్చుట చేత, బయటి వస్తు వొక్కటియు కొనకుండ, రెంచి తిప్పుటతోనే చక్రముల కోణములను మార్చుకొను సౌలభ్యము దీనియందు కలదు. మన దేశమున ఈ కారును మాజ్దా వారు అధికారికముగా విక్రయింపలేదు గాని, దీనిని చూచి నేర్చుకొనిన విద్య ఏ కారునకైనను పనికివచ్చును.

కోణములను చేతితో చూపుటకు రేడియోలో వీలు లేదు గనుక, శ్రోతలే తమ రెండు అరచేతులను ముఖమునకు ఎదురుగా, జానెడు ఎడముగా, వ్రేళ్లు పైకి నిక్కియుండ ఎదురెదురుగా నిలుపుకొందురు గాక. ఆ అరచేతులు కారు ముందుటి చక్రములనుకొనుడు. మణికట్టులు కదలకుండ వ్రేళ్ల కొనలను ఒకదానివైపున కొకటి వాల్చిన, అది నెగెటివ్ కాంబరు. దూరముగ వాల్చిన పాజిటివ్ కాంబరు. ఇప్పుడు వ్రేళ్లను ముందునకు చాచి, కొనలను దగ్గఱకు చేర్చిన టో-ఇన్, ఎడముచేసిన టో-అవుట్. మూడవది కాస్టరు. స్టీరింగు తిరిగినపుడు చక్రము ఏ ఇరుసు చుట్టు తిరుగునో, ఆ ఇరుసు పైభాగము వెనుకకు ఒరగియుండుటయే అది. సైకిలు ముందు ఫోర్కును ప్రక్కనుండి చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ మూటిలో అగ్రతాంబూలము కాంబరునకే. ఏల యనగా, కారు కుడివైపునకు వేగముగ తిరుగునపుడు దాని దేహము ఎడమవైపునకు ఒఱగును. బరువును ఎడమచక్రములపైకి పోవును. నిలుచున్నపుడు నిటారుగనున్న ఆ ఎడమచక్రము, దేహముతో పాటు తానును బయటికి వాలుట చేత, టైరు బయటి అంచు మాత్రమే నేలను కఱచుకొని, లోపలి భాగము తేలికపడును. బరువుతో గూడిన అంచు వేడెక్కి, మెత్తబడి, అరిగి, తుదకు జాఱును. ట్రాకునుండి తిరిగివచ్చిన సామాన్యపు కారు ముందు టైర్లను చూడుడు. లోపలి సగము కొత్తదివలె నుండగా, బయటి భుజము మీది గాళ్లన్నియు చెదరి, పార్శ్వముననున్న అక్షరముల వఱకు రాపిడి గుర్తులు కనిపించును. టైరు మంచిది కాదని నిందించువారు కలరు. టైరు తప్పేమియు లేదు. దానిని నిలిపిన తీరునందే లోపమున్నది. చక్రమును ముందుగనే లోనికి వాల్చి యుంచినచో, దేహము ఒఱగినపుడు ఆ వాలు కరిగిపోయి, సరిగా అవసరమైన క్షణమున చక్రము నేలకు లంబముగ నిలుచును.

మఱి కారు నిర్మించినవారు ఈ మాత్ర మెఱుగరా యని ప్రశ్న కలుగవచ్చును. వారు లెస్సగ నెఱుగుదురు. ఎఱిగియే ముందుచక్రములను ఇంచుమించు నిటారుగ నిలిపి, వెనుకచక్రములకు కొంచెము ఎక్కువ నెగెటివ్ కాంబరు నిచ్చెదరు. వర్షము కురియు రాత్రి, అలసిన చోదకుడు, ఎఱుగని మలుపులో వేగము మీఱినపుడు వెనుకచక్రములు ముందుగ జాఱినచో కారు గిఱ్ఱున తిరిగిపోవును. ముందుచక్రములు ముందుగ జాఱినచో కారు మలుపునకు వెలుపలిగా పోవజూచును గాని, భయపడిన మనుష్యుడు సహజముగ యాక్సిలరేటరు మీదినుండి కాలు తీయగనే వేగము తగ్గి, బరువు ముందునకు వచ్చి, పట్టు మరల చిక్కును. మొదటి లక్షణమునకు ఓవర్‌స్టీర్ అనియు, రెండవ దానికి అండర్‌స్టీర్ అనియు పేర్లు. ఈ రెండు లక్షణములకును శాస్త్రరూప మిచ్చినవారిలో ప్రముఖుడు మారిస్ ఓలే అను ఆంగ్లేయుడు. రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసి, 1930లో అమెరికాలోని కాడిలాక్ సంస్థలో చేరి, ఆ కార్ల ముందుచక్రములకు 1934 నాటికి స్వతంత్రమైన సస్పెన్షను ఏర్పడుటకు మూలపురుషుడైన మహాశిల్పి. ఆయన కాలమునుండియు సామాన్యులకై చేయు కార్లకు కొంత అండర్‌స్టీర్ ఉద్దేశపూర్వకముగ నిడబడుచున్నది. కావున ఫ్యాక్టరీ కోణములు పొరపాటు కావు; లక్షలమంది ప్రాణములను తలచుకొని చేసిన వివేకవంతమైన నిర్ణయము. ట్రాకునకై దానిని మార్చువాడు, ఆ రక్షణలో కొంత భాగమును తన చేతులలోనికి తీసికొనుచున్నానను ఎఱుకతో మార్చవలెను.

ఇక అంకెలకు వత్తము. ఎం.ఎక్స్-5 కారునకు మొదట వచ్చిన టైరు 185 మిల్లీమీటర్ల వెడల్పు, 14 అంగుళముల చక్రము. దాని మొత్తపు ఎత్తు సుమారు 578 మిల్లీమీటర్లు. అట్టి చక్రమును ఒక డిగ్రీ వాల్చిన, పై అంచు క్రింది అంచుకంటె 10 మిల్లీమీటర్లు లోనికి వచ్చును. రెండు డిగ్రీలు వాల్చిన 20 మిల్లీమీటర్లు. కంటితో చూచిన గుర్తింపదగిన వాలే గాని, వికారముగ కనబడదు. రోడ్డుపై వాడు టైర్లతో, స్ప్రింగులు మార్చని కారునకు ముందు రెండు డిగ్రీలకు అటునిటుగ నెగెటివ్ కాంబరు మంచి ఆరంభము. అంటు ఎక్కువగల ట్రాకు టైర్లు తొడిగినవారు మూడు డిగ్రీల వఱకు పోవుట కలదు. టైరు గట్టిగ పట్టిన కొలది దేహము ఎక్కువ ఒఱగుటయు, టైరు గోడ ఎక్కువ నలుగుటయు దానికి కారణములు. స్ప్రింగులు మార్చని ఎం.ఎక్స్-5లో బోల్టు చివరి వఱకు తిప్పినను మూడు డిగ్రీలు రావు. అందువలన చేయవలసిన దేమనగా, కుడి ఎడమ ముందుచక్రములలో ఏది తక్కువ లొంగునో దాని గరిష్ఠమును తెలిసికొని, రెండవ చక్రమును దానికి సమానముగ నిలుపుటయే. వెనుక చక్రములను, కొత్తవాడైనచో ముందటి వానికి సరిసమానముగ నుంచుకొనవలెను. చేయి తిరిగినవాడైనచో పావు డిగ్రీయో, అర డిగ్రీయో తగ్గించుకొనవచ్చును. ముందువైపు పట్టు పెరిగిన కొలది కారు మలుపులోనికి ఉత్సాహముగ దూఱును. ఆ ఉత్సాహమును అదుపుచేయు నేర్పు చోదకునియందు కలుగక మునుపే దానిని కొనితెచ్చుకొనుట వివేకము కాదు.

కాంబరు మేలని దానికి హద్దు లేదనుకొనరాదు. చక్రము అతిగ వాలినచో, సూటిదారిలో బ్రేకు పట్టునపుడు లోపలి అంచు మాత్రమే పనిచేసి, ఆగు దూరము పెరుగును. ఒరిగిన చక్రము ఒరిగినవైపునకే కారును నెట్టునను గుణము నిజమే. మోటారు సైకిలు వంపులో వాలి తిరుగుటకు అదియే ఆధారము. ఆ గుణమును పరీక్షించుటకై విలియం మిల్లికెన్ అను అమెరికా ఇంజనీరు 1960ల దశాబ్దమున చక్రములను మిక్కిలి ఎక్కువగ లోనికి వాల్పదగిన వింత కారు నొకదానిని నిర్మించెను. కొత్తదారిని స్వయముగ త్రొక్కి చూచిన ఆ మహనీయుని ధైర్యము కొనియాడదగినది. కాని అట్టి వాలునకు ఆయన వాడినవి గుండ్రని వంపుగల మోటారు సైకిలు జాతి టైర్లు. మన కార్ల టైర్లు బల్లపరుపుగ నుండునవి.

అన్ని కార్లకును ఎం.ఎక్స్-5 సౌలభ్యము లేదు. దానియందు పైచేయి పొట్టిది, క్రిందిచేయి పొడుగు. చక్రము పైకి నొక్కుకొనిన కొలది పైచేయి చక్రము పైభాగమును లోనికి లాగుట చేత, దేహము ఒఱగుటవలన కలుగు నష్టము కొంత తనంత తానే పూడును. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అను ఇంజనీరు పేర వెలసి, 1950లో ఇంగ్లండున ఫోర్డు వారి కాన్సల్, జెఫిర్ కార్లతో వ్యాప్తినొందిన స్ట్రట్ అమరికలో పైచేయి లేదు. చౌక, తేలిక, ఇంజనునకు చోటు మిగులును. కావుననే నేటి కార్లలో అత్యధిక భాగమునకు ముందువైపు అదియే. కాని మలుపులో అది చక్రమును నిలబెట్టుటకు చేయు సాయము స్వల్పము. 2012లో టొయోటా, సుబారు సంస్థలు కలిసి వెలువరించిన టొయోటా 86 కారు చూడుడు. ట్రాకుపై ఆడుకొనుటకే పుట్టినదని పేరొందినను, దాని ముందు కాంబరు సున్నాకు సమీపము, వెనుకది ఒక డిగ్రీకి పైన, ముందుదానిని మార్చు మార్గమును ఫ్యాక్టరీవారు పెట్టలేదు. అట్టిచోట స్ట్రట్టును చక్రపు దిమ్మతో కలుపు బోల్టు నొకదానిని తీసి, సన్నని నడుముగల కాంబరు బోల్టును తొడిగి ఒక డిగ్రీకి పైగ సంపాదించుకొందురు. కారును క్రిందికి దించిన రోడ్డును అంటిపెట్టుకొని పోవునని భ్రమించి స్ప్రింగులు కోయించువారు కొందరు కలరు. స్ట్రట్టు కారులో క్రిందిచేయి ఒకసారి సమతలము దాటి పైకి ఒరిగిన పిమ్మట, చక్రము నొక్కుకొనిన కొలది ఉన్న కాంబరు గూడ పోవును. దించుట చేత అందము కలుగునేమో గాని, ఆ పని పట్టునకు శత్రువు.

కాస్టరును గూర్చి క్లుప్తముగ చెప్పెదను. అది స్టీరింగును వదలినపుడు తనంత తాను నడిమికి తెచ్చును. చేతికి బరువును, రోడ్డు సమాచారమును అందించును. అన్నిటికంటె మిన్నగ, స్టీరింగు తిప్పినపుడు బయటి చక్రమును మఱికొంత లోనికి వాల్చును. అనగా సూటిదారిలో బ్రేకులకు చెఱుపు చేయకుండ, మలుపులో మాత్రమే లభించు కాంబరు అది. ఎం.ఎక్స్-5లో నాలుగైదు డిగ్రీల కాస్టరు సుఖముగ నుండును. ముందు క్రిందిచేతికి గల రెండు కేమ్ బోల్టులే కాంబరును కాస్టరును రెంటిని నిర్ణయించుట చేత, ఒకదానిని తుదకంటా లాగిన రెండవది తగ్గును. ఈ పెనుగులాటలో నా ఓటు కాంబరునకే. కాస్టరు కుడి ఎడమల సమానముగ నుండిన చాలును.

టో విషయమున మాత్రము తొందర పనికిరాదు. ఒక్కొక్క ముందుచక్రము డిగ్రీలో పదవ వంతు ప్రక్కకు చూచుచున్నదనుకొందము. పైన చెప్పిన టైరుపై అది ఒక్క మిల్లీమీటరు తేడా. అంత స్వల్పమైన తేడాతో ఆ టైరు ప్రతి కిలోమీటరునకు సుమారు 1.75 మీటర్లు అడ్డముగ పోవలెనని కోరుచుండును. దారి అందులకు ఒప్పదు గనుక, ఆ కోరిక రబ్బరు వంగుటలోను, ఒరయుటలోను ఖర్చగును. నూఱు కిలోమీటర్లు పోవునప్పటికి అది 175 మీటర్లు. కాంబరు టైర్లను తినివేయునని లోకమున ఒక అపవాదు కలదు. వాస్తవమున నిజమైన దోషి చాల సందర్భములలో టో. రెండు డిగ్రీల కాంబరుతో, సున్నా టోతో రోడ్డుపై తిరుగు టైరు చాల కాలము మన్నును. ఆ కాంబరునకు టో-అవుట్ తోడైనచో లోపలి అంచు తీగలు బయటపడు వఱకు మనకు తెలియను గూడ తెలియదు, ఏల యనగా ఆ అంచు బయటికి కనబడదు.

ముందుచక్రములకు కొంచెము టో-అవుట్ ఇచ్చిన, స్టీరింగు తాకగనే కారు మలుపులోనికి తిరుగుననుట వాస్తవము. కాని ట్రాక్ డేకు వచ్చువాడు పందెపు కారును లారీపై ఎక్కించి తెచ్చుకొనువాడు కాడు. ఉదయము ఆ కారులోనే వచ్చి, సాయంకాలము అలసిన శరీరముతో ఆ కారులోనే ఇల్లు చేరవలసినవాడు. టో-అవుట్ గల కారు హైవేపై ప్రతి గాడిని వెదకికొనుచు ఇటునటు దిక్కులు చూచును. కావున ముందు టో సున్నా. అంతకు మించి కోరరాదు. వెనుక చక్రములకు మాత్రము రెండును కలిపి రెండు మూడు మిల్లీమీటర్ల టో-ఇన్ తప్పక యుండవలెను. మలుపు నడుమ భయముచేత కాలు తీసినపుడు, బరువుపడిన వెనుక బయటి చక్రము లోపలివైపునకు చూచుచున్నచో కారు తోకను అదుపులో నుంచును. బయటికి చూచుచున్నచో తోకను తానే బయటికి నడిపించును. వెనుక టో-అవుట్‌తో కారును ట్రాకునకు తేవలదని నేను బ్రతిమాలి చెప్పుచున్నాను. ఇందు అభిరుచికి తావు లేదు.

ఈ కోణములన్నియు ఆరంభములు మాత్రమే. తీర్పు చెప్పవలసినది టైరు. నాలుగైదు చుట్లు వేగముగ తిరిగి, చల్లార్చు చుట్టు తిరుగకుండ నేరుగ లోనికి వచ్చి, సూదివంటి మొనగల థర్మామీటరును రబ్బరులోనికి గ్రుచ్చి, లోపల, నడుమ, బయట మూడుచోట్ల వేడిని చూడవలెను. దూరమునుండి కిరణముతో చూచు పరికరము పైపొర వేడిని మాత్రమే చెప్పును. ఆ పొర నిముసములో చల్లారిపోవును. లోపలి అంచు బయటి దానికంటె ఐదు మొదలు ఎనిమిది సెంటీగ్రేడు డిగ్రీలు వేడిగనుండిన కాంబరు సరిగ నున్నది. బయట వేడి హెచ్చిన ఇంకను వాల్చవలెను. లోపల పదిహేను దాటిన కొంత నిలబెట్టవలెను. నడుమ మాత్రమే వేడెక్కిన, తప్పు కాంబరుది కాదు, గాలిది. 30 డిగ్రీల ఎండలో 26 పాయింట్లు పట్టించిన టైరు ట్రాకుపై 80 డిగ్రీలకు చేరునప్పటికి, వాయుధర్మము ననుసరించి, అందలి గాలి ఇంచుమించు 33 పాయింట్లగును. చల్లని టైరును చూచి గాలి నిర్ణయించువాడు, కారు పరుగెత్తు టైరును ఎఱుగడు. కావున వేడిగ నున్నప్పటి ఒత్తిడినే లెక్కగొని, అన్నిటికంటె ముందు గాలిని సరిచేసి, ఆ పిమ్మటనే కాంబరును గూర్చి విచారింపవలెను.

ట్రాకును బట్టియు టైరు మాట మాఱును. అమెరికాలో కాలిఫోర్నియా తీరమునగల లగూనా సేకా, తూర్పున కనెక్టికట్ రాష్ట్రమునగల లైమ్ రాక్, రెండును 1957లోనే తెఱవబడిన ప్రసిద్ధమైన ట్రాకులు. లగూనా సేకా చుట్టుకొలత 3.6 కిలోమీటర్లు, కార్క్‌స్క్రూ అను చోట దారి ఒక్కపెట్టున ఎడమకు, వెంటనే కుడికి తిరుగుచు సుమారు 18 మీటర్ల లోతునకు దిగును. ఆ ట్రాకు నడక అపసవ్యము. ఎడమ మలుపులే ఎక్కువ. కావున కుడి టైర్లు నలుగును. లైమ్ రాక్‌లో ఒక్కటి తప్ప మలుపులన్నియు కుడికే. అచ్చట శిక్ష ఎడమ టైర్లది. ఇది చూచి కుడి ఎడమలకు వేఱువేఱు కాంబరు పెట్టుద మనిపించును. పందెపు కారునకు అది చెల్లును. ఇంటికి పోవలసిన కారు సూటిదారిలో ఒక ప్రక్కకు లాగరాదు గనుక, కోణములను సమానముగనే యుంచి, మధ్యాహ్నము టైర్లను అటునిటు మార్చుకొనుట మేలు. సాన్ హోసే, ఫ్రీమాంట్ ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగువారికి లగూనా సేకా రెండు గంటల ప్రయాణములోనే యున్నది; అచ్చటికి పోవు ఉత్సాహవంతులు ఈ మాటను గుర్తుంచుకొందురు గాక.

మన దేశమున ఈ వేడుకకు తగిన చోట్లు కొన్ని గలవు. చెన్నపట్టణము చేరువను శ్రీపెరుంబుదూరు దగ్గఱ ఇరుంగాట్టుకోట్టైలో 1990లో వెలసిన 3.7 కిలోమీటర్ల ట్రాకు మన నెల్లూరు, తిరుపతివారికి పొరుగూరే. కోయంబత్తూరులో కారి స్పీడ్‌వే కలదు. ఢిల్లీ వద్ద గ్రేటర్ నోయిడాలో 2011లో తెఱచిన బుద్ధ్ సర్క్యూట్ కలదు. 2023లో హైదరాబాదున హుస్సేన్ సాగరము ఒడ్డున ఫార్ములా-ఇ పందెము జరిగినది గాని, అది నగరపు వీథులలో తాత్కాలికముగ కూర్చిన దారి. ఈ ట్రాకులకు మనవారు తెచ్చునవి ఎక్కువ భాగము స్విఫ్ట్, పోలో వంటి చిన్న కార్లు. వీని ముందు స్ట్రట్టులకు మార్చదగినది సాధారణముగ టో మాత్రమే. వెనుక ఒకే దూలము గనుక ఏమియు మాఱదు. నిరుత్సాహ పడనక్కఱలేదు. ముందు టో సున్నాగ నిలిపి, కుడి ఎడమల కాంబరులో తేడా కలదేమో కొలిపించి చూచుకొని, గాలిని శ్రద్ధగ సరిచేసికొనిన కారు, ఏమియు చూచుకొనని ఖరీదైన కారును మలుపులలో వెంటాడగలదు.

వీల్ అలైన్‌మెంటు సెంటరుకు పోయినపుడు కంప్యూటరు తెరపై గడులన్నియు పచ్చరంగునకు మాఱగనే పని పూర్తియైనదని చెప్పుదురు. పచ్చరంగు ఫ్యాక్టరీ అనుమతించిన విస్తృతమైన హద్దులకు గుర్తు మాత్రమే. మనకు కావలసినది అంకె. కోరిన అంకెలను కాగితముపై వ్రాసికొని పోయి, పనివానికి సగౌరవముగ వివరించి, ముగిసిన పిమ్మట అచ్చువేసిన పత్రమును అడిగి తెచ్చుకొనవలెను. చోదకుని సీటులో అతని బరువునకు సమానమైన బస్తానుంచి, టాంకులో సగము పెట్రోలు పోసి, గాలి సరిచూచి, కారును రెండు మూడు మాఱులు అదిమి వదలి, అటుపిమ్మటనే కొలువవలెను. వెనుక చక్రములు ముందు, ముందు చక్రములు తరువాత. కాస్టరు కాంబరులు ముందు, టో అన్నిటికంటె చివర. కాంబరు కదలిన టో తప్పక కదలును గనుక ఈ వరుస తప్పరాదు. స్టీరింగు నిటారుగ బిగించి యుంచుట మఱవరాదు.

కేమ్ బోల్టులు ట్రాకు దెబ్బలకు జాఱు స్వభావము గలవి. బిగించిన వెంటనే ప్రతి బోల్టు తలపైనను, ప్రక్కనున్న ఇనుముపైనను కలియునట్లు తెల్లరంగుతో ఒక గీత గీయించి, ట్రాకుపై ప్రతి విరామమునను దీపము వేసి ఆ గీతలను చూచుకొనవలెను. గీత రెండుగ విడిపోయి కనబడినచో ఆ చక్రపు కోణము మాఱినదన్నమాట. ఆ దినమునకు పరుగు చాలించి, బోల్టును అచ్చటనే మాన్యువలులో చెప్పిన బలముతో బిగింపించి, మెల్లగ ఇంటికి నడుపుకొని పోయి, నాలుగు చక్రములను మరల మొదటినుండి కొలిపించుకొనవలెను.